చెట్టు నీడలో ముప్పు నలభై రెట్లు: పిడుగుపాటు ప్రమాదాన్ని లెక్కగట్టడం ఎలా

క్లుప్తంగా: 2020 నుంచి 2022 దాకా పిడుగుపాటుతో దేశంలో ఏటా 2,800 మందికి పైగా చనిపోయారని అధికారిక లెక్కలు చెబుతున్నాయి. పిడుగు నేరుగా నెత్తిన పడి పోయేవారు వీరిలో కొద్దిమందే. చెట్టు మీంచి దూకిన కరెంటుకో, నేలలో పాకిన కరెంటుకో బలయ్యేవారే ఎక్కువ. అందుకే ప్రమాదాన్ని అంచనా వేసేటప్పుడు ఊరి మీద ఎన్ని పిడుగులు పడతాయన్న దానికంటే, అవి పడే గంటలో మనిషి ఎక్కడ నిలబడ్డాడన్నది ముఖ్యమవుతుంది. హెచ్చరికలు ఇప్పుడు ఫోన్‌కే వస్తున్నాయి. అవి వచ్చాక పొలం నుంచి వెళ్లి తలదాచుకునే గట్టి కప్పు దగ్గర్లో లేకపోవడమే తేలని సమస్య.

మధ్యాహ్నం మూడు దాటాక

ఏప్రిల్ నెలాఖరు. కల్లంలో వడ్లు ఆరబోసి ఉన్నాయి. పొద్దుటి నుంచి మాడు పగిలే ఎండ, ఆకు కదలని ఉక్క. మూడు దాటాక పడమట మబ్బు లేస్తుంది. చూస్తుండగానే కాటుకలా నల్లబడి, చల్లగాలి ఒక్కసారిగా విసురుతుంది. ఇంటిల్లిపాదీ పట్టాలు తీసుకుని వడ్ల కుప్పల మీదికి పరిగెడతారు. ఒకరు అంచు పట్టుకుంటే ఇంకొకరు రాళ్లు పెడతారు. నాలుగు చినుకులు పడేసరికి కుప్పలు కప్పడం పూర్తవుతుంది. ఇక మనుషులు తలదాచుకోవాలి. కల్లం పక్కన కనిపించేది ఒక వేపచెట్టు.

తెలుగు నేల మీద వేసవి పిడుగుపాటు వార్తల్లో చాలావాటి వెనక ఇలాంటి దృశ్యమే ఉంటుంది. ఖరీఫ్‌లో వేపచెట్టు స్థానంలో గట్టు మీది తుమ్మ, కల్లం స్థానంలో వరినాట్లో పత్తి కలుపో ఉంటాయి. గొర్రెల కాపరులకైతే కాలంతో పని లేదు.

వేళకూ కారణం ఉంది. ఉదయం నుంచి కాగిన నేల మీది గాలి తేలికై పైకి లేస్తుంది. సముద్రం మీంచి వచ్చే తేమ, లోపలి నుంచి వీచే పొడి వేడిగాలి ఎదురయ్యే చోట ఆ లేవడం మరీ జోరుగా ఉంటుంది. అందుకే వాతావరణ కేంద్రాలు ద్రోణి (గాలి పీడనం తగ్గిన పొడవాటి పట్టీ) ఉందని చెప్పిన రోజుల్లో సాయంత్రాలు ప్రమాదకరం. 2018 ఏప్రిల్ 24న ఆంధ్రప్రదేశ్‌లో 13 గంటల వ్యవధిలో 36,749 పిడుగులు నమోదయ్యాయి. అరేబియా సముద్రం నుంచి వచ్చిన చల్లగాలులు ఉత్తరాది వేడిగాలులతో తలపడటమే దానికి కారణమని అప్పట్లో అధికారులు వివరించారు. ఆ ఒక్కరోజే రాష్ట్రంలో తొమ్మిది మంది చనిపోయారు.

ఈ రెండు సంఖ్యలనూ పక్కపక్కన పెడితే ఒక సంగతి తెలుస్తుంది. ముప్పై ఆరు వేల పైచిలుకు పిడుగుల్లో చాలావాటి దారిలో మనిషి లేడు. 2021 జులై 11న జైపూర్‌లో ఆమేర్ కోట ఎదుట గుట్ట మీదున్న వాచ్ టవర్ దగ్గర ఇందుకు భిన్నంగా జరిగింది. వాన చూస్తూ, ఫొటోలు దిగుతూ పైన గుమిగూడిన వారిలో 11 మంది పిడుగుపాటుకు ప్రాణాలు కోల్పోయారు.

మబ్బులో ఏం జరుగుతుంది

వార్తల్లో తరచూ వినబడే క్యుములోనింబస్ మేఘం నిలువుగా పెరుగుతుంది. అడుగున నీటి తుంపర, నడుమ మెత్తటి వడగళ్లు, పైన మంచు పలుకులు ఉంటాయి. లేస్తున్న గాలికి పలుకులు పైకి కొట్టుకుపోతుంటే బరువైన వడగళ్లు కిందికి జారుతాయి. రెండూ రాసుకున్నప్పుడు పలుకులకు ధన విద్యుదావేశం, వడగళ్లకు రుణ విద్యుదావేశం అంటుకుంటాయి. అలా మబ్బు పైభాగం ధనాత్మకంగా, కిందిభాగం రుణాత్మకంగా మారుతుంది. ఆ రుణావేశం కింద ఉన్న నేలలో ధనావేశాన్ని పోగుచేస్తుంది. మధ్యలోని గాలి కొంతవరకే అడ్డుకోగలదు.

ఆ అడ్డు తెగినప్పుడు మబ్బు నుంచి ఒక సన్నటి దారి కిందికి బయల్దేరుతుంది. ఒకేసారి నేలదాకా రాదు. సుమారు 50 మీటర్ల చొప్పున అంగలు వేస్తూ, కొమ్మలు చీలుతూ దిగుతుంది. నేలకు దగ్గరపడేసరికి చెట్టు కొన, గుడి శిఖరం, సెల్ టవర్, మనిషి తల లాంటి వాటి నుంచి చిన్న చిన్న విద్యుత్ ధారలు పైకి లేస్తాయి. వాటిలో ఏది ముందు అందుకుంటే పిడుగు దాని మీద పడుతుంది. అంటే ఎక్కడ పడాలన్నది చివరి కొన్ని పదుల మీటర్లలోనే తేలుతుంది. ఒంటి మీది బంగారమో, జేబులోని ఫోనో పిడుగును లాగుతుందన్న మాట అందుకే నిలవదు. మబ్బుల ఎత్తు నుంచి వస్తున్న దానికి చెవిపోగు లెక్కలోకే రాదు. ఎత్తు మాత్రం లెక్కలోకి వస్తుంది.

దారి కలిసిన మరుక్షణం సగటున 30,000 ఆంపియర్ల కరెంటు ప్రవహిస్తుంది. ఇంట్లో ఫ్యూజు ఐదు పది ఆంపియర్లకే కొట్టేస్తుందని గుర్తుంచుకుంటే ఇదెంతో తెలుస్తుంది. దారిలోని గాలి సుమారు 30,000 డిగ్రీల దాకా వేడెక్కుతుంది. ఇది సూర్యుడి ఉపరితలం కంటే ఐదింతల వేడి. ఆ గాలి ఒక్కసారిగా వ్యాకోచించినప్పుడు పుట్టే శబ్దమే ఉరుము.

మబ్బు పైభాగంలోని ధనావేశం నుంచి కూడా కొన్ని పిడుగులు పడతాయి. ఇవి పదింట ఒకటో అంతకంటే తక్కువో ఉంటాయి కానీ శక్తి ఎక్కువ. వాన పడుతున్న చోటుకు పది కిలోమీటర్లకు పైగా దూరంలో, నెత్తిన ఎండ కాస్తున్న చోట కూడా పడగలవు. వాన మొదలయ్యాక చూద్దామని పనిలో ఉండిపోయేవారికి ముప్పు ఇక్కడే.

ఒక సులువైన లెక్క

భవనాలకు పిడుగు రక్షణ ఏర్పాటు చేసే ఇంజినీర్లు ఒక సూత్రం వాడతారు. చదునైన నేల మీద ఒంటరిగా నిలిచిన వస్తువు, తన ఎత్తుకు మూడింతల వ్యాసార్థమున్న వృత్తంలో పడాల్సిన పిడుగులను తన మీదికి తీసుకుంటుందని ఆ సూత్రం అంచనా. ఇది ఉజ్జాయింపే కానీ పోలికకు పనికొస్తుంది.

మనిషి ఎత్తు 1.6 మీటర్లు అనుకుంటే అతని వృత్తం వ్యాసార్థం 4.8 మీటర్లు, విస్తీర్ణం 72 చదరపు మీటర్లు. పది మీటర్ల వేపచెట్టుకు వ్యాసార్థం 30 మీటర్లు, విస్తీర్ణం సుమారు 2,827 చదరపు మీటర్లు. మనిషి గట్టు దిగి చెట్టు కిందికి నడవడానికి అర నిమిషం పడితే, ఆ అర నిమిషంలో అతని పక్కన పిడుగు పడే అవకాశం దాదాపు 39 రెట్లు పెరిగింది. ఇరవై మీటర్ల తాటిచెట్టయితే 156 రెట్లు. ఎత్తు రెట్టింపయితే ముప్పు నాలుగింతలవుతుంది. చెట్టు గొడుగులా కాపాడుతుందన్న నమ్మకం వాన విషయంలోనే నిజం.

లెక్క కోసం ఒక ప్రాంతంలో చదరపు కిలోమీటరుకు ఏడాదికి 5 పిడుగులు పడతాయనుకుందాం. మైదానంలో ఒంటరిగా ఉన్న 40 మీటర్ల సెల్ టవర్ మీద సగటున నాలుగైదేళ్లకోసారి పడుతుంది. తాటిచెట్టు మీద 18 ఏళ్లకోసారి, వేపచెట్టు మీద 70 ఏళ్లకోసారి. ఏడాది పొడవునా పొలంలోనే నిలబడి ఉండే మనిషి ఒకడుంటే అతని మీద 2,700 ఏళ్లకు పైగా గడిస్తే ఒకసారి. ఈ చివరి అంకె చూసి నిబ్బరపడటం తొందరపాటు. ఇందులో నేరుగా పడేవే ఉన్నాయి. మరణాల్లో ఎక్కువ భాగం పక్కన పడిన పిడుగులవి.

ఒంట్లోకి వచ్చే దారులు

పిడుగుపాటు గాయాలను అధ్యయనం చేసిన వైద్యుల అంచనా ప్రకారం నేరుగా తగిలేవి నూటికి మూడు నుంచి ఐదు. సగం దాకా నేల గుండా వచ్చేవి. మూడోవంతు చెట్టు లాంటి వాటి మీద పడి, దగ్గర్లోని మనిషి మీదికి దూకేవి. మిగిలినవి తీగ, కంచె, కొళాయి ముట్టుకుని ఉన్నప్పుడు వచ్చేవి, మనిషి నుంచే పైకి లేచిన ధార వల్ల తగిలేవి.

చెట్టు కాండం కంటే ఉప్పునీరు నిండిన మనిషి ఒళ్లు కరెంటుకు సులువైన దారి. కాండం గుండా దిగుతున్న కరెంటు మనిషి భుజం ఎత్తుకు వచ్చేసరికి గాల్లోంచి అతని మీదికి మళ్లుతుంది. కాండానికి ఆనుకోనక్కర్లేదు, కొన్ని అడుగుల దూరంలో ఉన్నా చాలు.

నేల గుండా వచ్చేది కంటికి కనిపించదు. పిడుగు పడిన చోటు నుంచి కరెంటు నాలుగు దిక్కులా నేలలో పాకుతూ, దూరం పోయేకొద్దీ బలహీనమవుతుంది. మనిషి రెండు పాదాలూ ఎడంగా ఉంటే ఒక పాదం దగ్గర ఓల్టేజీ ఎక్కువ, రెండో దాని దగ్గర తక్కువ. ఆ తేడాకు కరెంటు ఒక కాలి నుంచి ఎక్కి మరో కాలి నుంచి దిగుతుంది. గేదెలకు, గొర్రెలకు ఇది మరీ ప్రమాదం. ముందుకాళ్లకూ వెనకకాళ్లకూ మధ్య ఎడం ఎక్కువ, పైగా ఆ దారి మధ్యలో గుండె ఉంటుంది. చెట్టు కింద మంద మొత్తం ఒక్క పిడుగుకు పోయిందన్న వార్తలు అతిశయోక్తులు కావు. 2016 ఆగస్టులో నార్వేలోని హార్దంగర్‌విద్దా పీఠభూమిలో ఒకే సంఘటనలో 323 రెయిన్‌డీర్లు చచ్చి పడి ఉన్నాయి. ఆ జంతువులు ఉరుములకు బెదిరి ఒకదానికొకటి ఒరుసుకుని నిలబడే అలవాటు ఉన్నవి. కూలీలు ఒకే చోట దగ్గరగా ముడుచుకుని కూర్చోవడంలోనూ ఇదే ముప్పు ఉంది.

లెక్కలు చెప్పేది

జాతీయ నేర గణాంకాల సంస్థ ప్రకారం 2020లో 2,862 మంది, 2021లో 2,880 మంది, 2022లో 2,887 మంది పిడుగుపాటుతో చనిపోయారు. 2022లో ప్రకృతి వైపరీత్యాల మరణాలు మొత్తం 8,060. అందులో మూడోవంతుకు పైగా పిడుగులవే. ఎండదెబ్బ వాటా పదోవంతు లోపే. తుపానుకు పేరు పెడతారు, రోజుల తరబడి వార్తలు వస్తాయి. పిడుగు ఇక్కడ ఒకరిని, అక్కడ ఇద్దరిని తీసుకుపోతుంది కాబట్టి జిల్లా పేజీలో నాలుగు లైన్లతో సరిపోతుంది. బిహార్‌లో 2020 జూన్ 25న ఒక్కరోజే 83 మంది చనిపోయినప్పటిలా అరుదుగా మాత్రమే పెద్ద వార్త అవుతుంది.

వేడెక్కుతున్న వాతావరణంలో తేమ పెరిగి పిడుగులూ పెరుగుతాయని చాలామంది శాస్త్రవేత్తల అంచనా. అయితే నమోదైన సంఖ్య పెరగడంలో కొంత వాటా కొత్తగా పెట్టిన సెన్సర్లది కూడా. మునుపు ఎవరూ లెక్కపెట్టని పిడుగులు ఇప్పుడు లెక్కకు వస్తున్నాయి.

ఇక్కడ అమెరికాతో పోలిక ఉపయోగపడుతుంది. అక్కడ 1943లో 432 మంది పిడుగుపాటుకు చనిపోయారు. ఇప్పుడు ఏటా 20 మంది అటూ ఇటూగా చనిపోతున్నారు. జనాభా రెట్టింపు దాటింది, ఏటా రెండు కోట్లకు పైగా పిడుగులు ఇప్పటికీ నేలను తాకుతున్నాయి. మారింది జనం పని. బహిరంగ పొలంలో పనిచేసేవారు కొద్దిమంది అయ్యారు, ఉన్నవారికి ట్రాక్టరు మీద మూసిన క్యాబిన్ వచ్చింది. ఇళ్ల గోడల్లో కరెంటు తీగలు, నీటి పైపులు వచ్చి, పడిన పిడుగును నేలలోకి దింపే దారులయ్యాయి. హెచ్చరికలూ వైద్యమూ తమ వంతు చేశాయి. మన దగ్గర నాట్లు, కలుపు, కోత, కాపలా ఇంకా ఆరుబయటే, ఎక్కువమంది చేతులతోనే సాగుతున్నాయి.

తాటిచెట్ల ప్రయోగం

ఊళ్లో ఎత్తయిన తాడి ఉంటే పిడుగు దాని మీద పడి ఇళ్లు దక్కుతాయన్న మాట పల్లెల్లో పాతదే. పై లెక్క ప్రకారం అందులో నిజం లేకపోలేదు. 2016లో పిడుగులను వైపరీత్యంగా ప్రకటించిన బంగ్లాదేశ్ ఈ ఆలోచనతోనే లక్షల్లో తాటిమొక్కలు నాటించింది. కానీ తాడి ఎదగడానికి ఏళ్లూ పూళ్లూ పడుతుంది. ఆలనాపాలనా లేక మొక్కలు చాలావరకు పోయాయి, చివరికి ప్రభుత్వం పథకాన్ని పక్కన పెట్టింది. తర్వాత ఒడిశా కూడా తాటిచెట్ల వైపు మొగ్గింది.

చిక్కు మరొకటి ఉంది. తాటిచెట్టు కాపాడేది దూరంగా ఉన్నవారిని. దాని కిందికే చేరినవారికి అది మృత్యువు. వాన వస్తే చెట్టు కిందికి పరిగెత్తే అలవాటు మారకుండా పొలాల మధ్య ఎత్తయిన చెట్లు పెంచితే ఫలితం తలకిందులయ్యే అవకాశం ఉంది. రాగి కడ్డీ, మందమైన తీగ, లోతైన ఎర్తింగ్ ఉన్న చిన్న కాంక్రీటు గది పొలాల నడుమ అక్కడక్కడా ఉంటే అంతకంటే మేలు. కడ్డీ పిడుగును తరిమేయదు. తన మీద వేసుకుని, మనిషిని తాకకుండా నేలలోకి దింపుతుంది. ఎర్తింగ్ పాడైతే కడ్డీ ఉన్నా లేనట్టే. అది కాపాడే మేర కూడా తన ఎత్తును బట్టి చుట్టూ కొన్ని మీటర్లే. ఊరి చివర సెల్ టవర్ ఉందన్న ధైర్యం అర కిలోమీటరు దూరంలోని పొలానికి వర్తించదు.

హెచ్చరిక నుంచి ఉరుము దాకా

భారత వాతావరణ శాఖ రాబోయే మూడు గంటలకు జిల్లాలవారీగా హెచ్చరికలిస్తుంది. ఆంధ్రప్రదేశ్ విపత్తుల నిర్వహణ సంస్థ మండలాల పేర్లతో తెలుగులో సందేశాలు పంపుతుంది. పుణేలోని ఉష్ణమండల వాతావరణ పరిశోధన సంస్థ తయారుచేసిన దామిని యాప్, ఫోన్ ఉన్న చోటుకు 20, 40 కిలోమీటర్ల పరిధిలో ఇప్పుడే ఎక్కడెక్కడ పిడుగులు పడ్డాయో చూపిస్తుంది. మూడింటినీ కలిపి వాడుకోవచ్చు. ఉదయం ద్రోణి వార్త వింటే సాయంత్రం పని పొద్దునకు జరుపుకోవచ్చు, మధ్యాహ్నం సందేశం వస్తే మూడింటికల్లా కుప్పలు కప్పేసుకోవచ్చు. యాప్ చివరి అరగంటకు.

ఫోన్ లేకపోయినా ఒక కొలత ఉంది. ధ్వని కిలోమీటరు దూరం రావడానికి మూడు సెకన్లు పడుతుంది. ఉరిమితే అర్జునుడి పది పేర్లు తలచుకోవడం తెలుగిళ్లలో పాత అలవాటు. అర్జునా, ఫల్గుణా అని మెరుపు మెరిసినప్పుడే మొదలుపెట్టి, పేరుకో సెకను చొప్పున నింపాదిగా అంటే, పది పేర్లూ పూర్తయ్యేసరికి ఉరుము వినిపించిందంటే పిడుగు పడింది మూడు కిలోమీటర్ల పైచిలుకు దూరంలో. మూడుసార్లు చదవగలిగితే పది కిలోమీటర్లు. ఆ పది కిలోమీటర్లు కూడా భద్రమైన దూరం కాదు, తర్వాతి పిడుగు ఇక్కడే పడొచ్చు. ఉరుము చెవిన పడిందంటేనే ముప్పు పరిధిలో ఉన్నట్టు. చివరి ఉరుము వినిపించాక అరగంట ఆగాకే బయటికి రావాలి. వాన వెలిసింది కదా అని ఐదు నిమిషాలకే పొలంలోకి దిగినవారు పోయిన సందర్భాలు తక్కువేమీ కావు.

ఎక్కడ ఎంత భద్రం

పిడుక్కీ బియ్యానికీ ఒకటే మంత్రం కుదరదన్నట్టు, లోపలికి వెళ్లండి అన్న ఒక్క సలహా అందరికీ చాలదు. కాంక్రీటు స్లాబు, కరెంటు వైరింగ్ ఉన్న ఇల్లు అన్నిటికంటే మెరుగు. లోపల కూడా కిటికీకి, కొళాయికి, ప్లగ్గులకు దూరంగా ఉండాలి. తీగతో గోడకు కలిసిన పాత టెలిఫోన్ ప్రమాదం, చేతిలోని సెల్‌ఫోన్ కాదు. చార్జింగ్‌లో పెట్టి మాట్లాడితే మాత్రం అదీ తీగకు కట్టేసినట్టే. టీవీ, ఫ్రిజ్ ప్లగ్గులు మబ్బు పట్టినప్పుడే తీయాలి, ఉరుములు మొదలయ్యాక కాదు.

అద్దాలు ఎత్తిన కారు, బస్సు భద్రమే. రక్షించేది రబ్బరు టైర్లని చాలామంది అనుకుంటారు. మబ్బు నుంచి కిలోమీటర్ల గాలిని చీల్చుకు వచ్చినదానికి నాలుగంగుళాల రబ్బరు అడ్డం కాదు. కాపాడేది ఇనుప తొడుగు. కరెంటు దాని పైనుంచే పారి నేలకు దిగుతుంది. ఆటో, బైకు, కప్పులేని ట్రాక్టరుకు ఆ తొడుగు లేదు.

పొలంలోని మంచె, గడ్డి పాక, గోడల్లేని రేకుల షెడ్డు వానను ఆపుతాయి, పిడుగును ఆపవు. ఉరుముతుండగా బోరు మోటారు ఆపడానికి వెళ్లి స్టార్టర్ డబ్బా మీద చెయ్యి వేయడం, ఇనుప తీగ కంచెకు ఆనుకోవడం, చెరువులో ఉండిపోవడం మరీ ప్రమాదం. ఎక్కడో దూరాన తీగ మీద పడిన పిడుగు స్టార్టర్ దాకా రాగలదు.

ఏ కప్పూ అందనప్పుడు పాదాలు రెండూ దగ్గరగా పెట్టి, తల వంచి గొంతుకూర్చోవాలన్న సలహా మన విపత్తు సంస్థల సూచనల్లో ఉంది. కాళ్ల మధ్య ఎడం తగ్గితే నేల కరెంటు తగ్గుతుందన్నది దాని వెనక తర్కం. అమెరికా వాతావరణ విభాగం మాత్రం ఈ సలహా ఇవ్వడం మానేసింది. అలా కూర్చుంటే భద్రమన్న భ్రమలో జనం అక్కడే ఆగిపోతారన్నది అక్కడివారి భయం. రెండింటినీ కలిపి చూస్తే, పది నిమిషాల్లో ఇల్లో వాహనమో అందేలా ఉంటే నడవడమే మేలు. అందనప్పుడు ఒంటరి చెట్టుకు దూరంగా, పల్లంలో, ఒకరికొకరు ఎడంగా ఉండటం ముప్పును తగ్గిస్తుందే తప్ప తీసేయదు. నేల మీద పడుకోవడం మాత్రం తప్పు, ఒళ్లంతా నేలకు ఆని ఎడం పెరుగుతుంది.

తగిలిన తర్వాత

పిడుగు తగిలినవారందరూ చనిపోరు. అమెరికా లెక్కల్లో పదిమందికి తొమ్మిదిమంది బతుకుతున్నారు, చాలామందికి నరాల బాధ, వినికిడి లోపం, మతిమరుపు ఏళ్ల తరబడి మిగులుతాయి. చనిపోయేవారు ఎక్కువగా కాలిన గాయాలతో కాదు, గుండె ఆగి చనిపోతారు. కరెంటు ఒంటి మీద ఉండే సమయం అతి స్వల్పం కాబట్టి గుండె ఒక్కోసారి తనంతట తానే మళ్లీ కొట్టుకోవడం మొదలుపెడుతుంది. ఊపిరిని నడిపే మెదడు భాగం తేరుకోవడానికి మాత్రం ఇంకా సమయం పడుతుంది. ఈ మధ్యలో ఊపిరి అందకపోతే గుండె రెండోసారి ఆగిపోతుంది.

తగిలినవారిని ముట్టుకుంటే షాక్ కొడుతుందన్న భయంతో చుట్టూ నిలబడి చూసేవారు ఉంటారు. ఒంట్లో కరెంటు నిలవ ఉండదు, వెంటనే ముట్టుకోవచ్చు. స్పృహ, ఊపిరి లేకపోతే 108కు ఒకరు ఫోన్ చేస్తుండగా ఇంకొకరు ఛాతీ మధ్యలో రెండు అరచేతులూ ఒకదాని మీద ఒకటి ఉంచి, నిమిషానికి 100 నుంచి 120 సార్లు గట్టిగా నొక్కాలి, తెలిసినవారుంటే నోటితో ఊపిరి అందించాలి. ఉరుములు ఇంకా ఆగకపోతే ముందు చెట్టు దగ్గర్నుంచి జరపాలి. ఒకే చోట నలుగురైదుగురు పడిపోయి ఉంటే వరస మారుతుంది. మామూలు ప్రమాదాల్లో కదలిక లేనివారిని ఒక్కోసారి చివరికి వదిలేస్తారు. పిడుగు విషయంలో మూలుగుతున్నవారు, కేకలు పెడుతున్నవారు దాదాపుగా బతుకుతారు, అలికిడి లేకుండా పడి ఉన్నవారి దగ్గరికే ముందు వెళ్లాలి.